నందికొండలు - పరదేశీయుల పర్వతచిత్రములు

దేశాంతరము పోయినవారు తమ కంటికి నచ్చిన కొండను చిత్రముగ పట్టి ఇంటికి తెచ్చుకొనుట నేడు సర్వసామాన్యమైన ఆచారము. స్విట్జర్లాండు మంచుకొండలు, కెనడా దేశపు రాకీ పర్వతములు, జపాను దేశపు ఫ్యూజీ శిఖరము నేటి తెలుగు కుటుంబముల ఛాయాచిత్రములలో తఱచుగ కానవచ్చును. వానిని చూచినవారు బాగున్నవందురు. అది ఏ కొండ, దానికి అచటివారు పెట్టుకొన్న పేరేమి, చిత్రము తీసినవారు ఏ దిక్కున నిలిచి తీసిరి అని అడుగువారు మాత్రము తక్కువ.

ఈ ప్రశ్నలు స్వల్పములుగ తోచవచ్చును. కాని సుమారు రెండువందల ముప్పది సంవత్సరములకు పూర్వము పరదేశీయుల పర్వతచిత్రములకు మన కొండలే వస్తువులైనవి. ఆనాడు చిత్రించినవారు యాత్రికులు. చిత్రింపబడినవి చిక్కబళ్ళాపురము, చింతామణి మొదలుకొని బారామహలు వఱకు వ్యాపించిన రాతికొండలున్న దేశము. ఆ చిత్రములు నేటికిని నిలిచియున్నవి. వానివలన మనకు లభించినదేమి, లభింపక పోయినదేమి అను విషయమును విచారించుటయే ఈ వ్యాసమున కుద్దేశము. కొండ రూపమును పరదేశి పట్టుకొనిపోగలడు. కొండ పేరును చెప్పవలసినవాడు కొండక్రింద నివసించువాడే. ఈ రెండును కలిసినప్పుడే చిత్రము చరిత్ర కాగలదు.

కొండలు, ఏఱులు, పేరులు

చిక్కబళ్ళాపురము జిల్లా 2007వ సంవత్సరమున కోలారు జిల్లానుండి వేఱుచేయబడినది. ఈ సీమలో ప్రసిద్ధమైనది నందికొండ. దీని యెత్తు సముద్రమట్టమునకు 1478 మీటర్లు, అనగా 4851 అడుగులు. కొండక్రింద నందిగ్రామమున భోగనందీశ్వరుడు, కొండమీద యోగనందీశ్వరుడు వెలసియున్నారు. భోగనందీశ్వరాలయ చరిత్ర శాసనముల వలన 9వ శతాబ్దారంభము వఱకు తెలియుచున్నది. నందికి చుట్టును బ్రహ్మగిరి, చెన్నగిరి, స్కందగిరి యను కొండలు కలవు. స్కందగిరికే కళవారదుర్గమని నామాంతరము.

ఈ కొండల గొప్పతనము ఎత్తుచేత వచ్చినది కాదు, ఏఱులచేత వచ్చినది. ఉత్తరపినాకిని యను పెన్నేఱు ఈ కొండలలో పుట్టి రాయలసీమను దాటి నెల్లూరుసీమలో సముద్రమును చేరుచున్నది. దక్షిణపినాకిని తమిళదేశమునకు పోవుచున్నది. అర్కావతి కావేరిలో కలియుచున్నది. చిత్రావతి బాగేపల్లి మీదుగ అనంతపురసీమ ప్రవేశించి పెన్నేటిని చేరును. పాపఘ్ని కడపసీమకు పోవును. కన్నడ, తెలుగు, తమిళ దేశములు మూడింటికిని నీరు పంచిపెట్టిన కొండలివి. ఒక కొండనుండి పుట్టిన ఏఱులు మూడు భాషలవారిని పోషించుచుండగా, ఆ కొండలో నొక్క భాష మాత్రమే వినబడవలెననుట ప్రకృతివిరుద్ధము.

ఇచటి జనుల వాడుకయు అట్టిదే. బాగేపల్లి, చింతామణి, గౌరిబిదనూరు ప్రాంతములలో ఇంట తెలుగు, కచ్చేరిలో కన్నడము, సంతలో రెండును వాడువారు పెక్కుమంది. తెలుగువాడు కొండ యనును, కన్నడిగుడు బెట్ట యనును. తెలుగు బండ కన్నడమున బండె. తెలుగు దొన కన్నడమున దొణె. గుడిబండకు సమీపమున నున్న ఆవులబెట్ట యను కొండపేరు దీనికి మంచి దృష్టాంతము. అందు ఆవు తెలుగు, బెట్ట కన్నడము. ఆ క్షేత్రమునకే ధేనుగిరి యని సంస్కృతనామము కలదు. ఆవును విడువక మూడు భాషలలో వ్యవహరింపబడుచున్న కొండ యిది. పేరొక్కటి తెలిసిన మాత్రమున ఆ సీమ చరిత్ర సగము తెలిసినట్లే.

చింతామణి తాలూకాలోని కైవారమున కొండను గూర్చి మఱియొక విధమైన జ్ఞాపకము కలదు. అది భారతకథలోని ఏకచక్రపురమనియు, భీముడు బకాసురుని చంపినది అచటనే యనియు స్థలపురాణము. తెలుగున, కన్నడమున కీర్తనలు రచించిన కైవార నారేయణ యోగి తపస్సు చేసినదిగ చెప్పబడు గుహయు ఆ కొండలలోనిదే. పాళెగాండ్ర కథలకు బాగేపల్లి తాలూకాలోని గుమ్మనాయకనపాళ్యము కోట నేటికిని సాక్షిగ నిలిచియున్నది. ఈ పేరులును కథలును ఏ చిత్రపటమునందును కానరావు. అవి నోటినుండి నోటికి వచ్చినవి.

దండుతో వచ్చిన చిత్రకారులు

ఈ కొండల రూపము పాశ్చాత్యుల కంటబడినది యుద్ధకాలమున. 1790 మొదలు 1792 వఱకు జరిగిన మూడవ మైసూరు యుద్ధమున కారన్‌వాలిసు ప్రభువు 1791 మార్చినెలలో బెంగుళూరును పట్టుకొనెను. మేనెలలో శ్రీరంగపట్టణము వఱకు పోయి, ఆహారము చాలక, పశువులు చచ్చి, వెనుకకు మరలెను. అటుపిమ్మట దండునకు ధాన్యము వచ్చు దారులను భద్రపఱచుకొనవలసి వచ్చెను. ఉత్తరమున గుఱ్ఱంకొండ దగ్గఱ నైజాము సేనలుండెను. వారికిని బెంగుళూరికిని నడుమ నందిదుర్గము అడ్డముగ నిలిచియుండెను.

మేజరు గౌడీ యనునతడు మొదట చింతామణి సీమలోని రహమాన్‌గఢమును పట్టుకొని, పిదప నందిదుర్గమును ముట్టడించెను. నందికొండ తక్కిన దిక్కులందు నిలువుగ కోసినట్లుండును. పడమటివైపున మాత్రమే ఎక్కుటకు కొంత వీలు కలదు. ఆ వైపున రెండు వరుసల గోడలుండెను. ఏనుగుల సహాయముతో ఫిరంగులను కొండచఱియకు లాగించి, సుమారు మూడు వారములు కొట్టి, గోడలకు గండ్లుపెట్టి, 1791 అక్టోబరు 19వ తేది రాత్రి చంద్రోదయమైన తరువాత కోటనెక్కిరి. జనరల్ మెడోసు స్వయముగ ఆ దాడిని నడిపెను.

ఈ యుద్ధమును వెంబడించి చిత్రకారులు వచ్చిరి. రాబర్టు హోము అను ఆంగ్లచిత్రకారుడు 1791లో మదరాసునకు వచ్చి కారన్‌వాలిసు దండుతో పయనము చేసెను. మైసూరు దేశదృశ్యములను గూర్చిన అతని సంపుటము 1794లో లండనునందు ప్రకటింపబడెను. సర్వేపనిలో నున్న రాబర్టు హైడ్ కోల్‌బ్రూకు, సైన్యోద్యోగియైన అలెగ్జాండరు అల్లను అనువారును అదేకాలమున మైసూరు దృశ్యముల సంపుటములు వెలువరించిరి. 1792లో డేనియలు వంశీయులైన థామసు, అతని సోదరుని కుమారుడైన విలియము మదరాసునుండి బయలుదేఱి, బారామహలు మీదుగ దక్షిణదేశమంతయు తిరిగిరి. 1795 మొదలు 1808 వఱకు వారు ప్రకటించిన 144 చిత్రముల మహాసంపుటమున రాయకోట మొదలైన బారామహలు దుర్గములు స్థానము పొందినవి. బారామహలు నేటి కృష్ణగిరి ప్రాంతము. అచటను తెలుగువారు తరతరములుగ కాపురమున్నారు.

కోటను పట్టుకొనుటకు వచ్చినవారికి చిత్రలేఖనముతో పని యేమి యని ప్రశ్నింపవచ్చును. ఆకాలపు సైన్యోద్యోగులకు కొండలు గీయుట విద్యలో నొక భాగము. లండను సమీపమున వూలిచి సైనిక విద్యాలయమునందు పాల్ శాండ్‌బీ యను ప్రసిద్ధ చిత్రకారుడు 1768 మొదలు చాల సంవత్సరములు చిత్రలేఖనము బోధించెను. కొండవాలు ఎంత, దారి ఎటు పోవును, ఫిరంగి నిలుపుటకు చోటెచట అను విషయములు మాటలకంటె గీతలతో త్వరగా తెలియును. కనుక దుర్గచిత్రము అందమైన వస్తువగుటకు ముందు ఉపయోగమైన వస్తువు. తరువాత లండనులోని గృహస్థులు దానిని కొని గోడకు తగిలించుకొన్నప్పుడు ఉపయోగము మఱుగై అందము మిగిలినది.

యంత్రసహాయము కూడ ఆనాటికే కలదు. డేనియలు చిత్రకారులు కెమెరా ఆబ్‌స్కూరా యను చీకటిపెట్టెను వెంటబెట్టుకొని తిరిగిరి. కటకముగుండ వచ్చిన వెలుగు లోపల కాగితముపై దృశ్యముగ పడగా, దాని గీతలను అనుసరించి చిత్రకారుడు గీయును. నేడు మనము కెమెరా అనుచున్నది ఆ పేరునుండి తెగివచ్చిన మాటయే. వెలుగును పట్టుటకు రసాయనము మాత్రము అప్పటికి రాలేదు.

పేరడిగిన తెలుగువారు

ఈ చిత్రములక్రింద అచ్చైన పేరులు చూడదగినవి. నందిదుర్గము నండీడ్రూగ్ అయినది. సావనదుర్గము సావెన్‌డ్రూగ్ అయినది. రాయకోట రయాకొట్టా అయినది. దుర్గమను సంస్కృతశబ్దము డ్రూగ్ అయి, దక్షిణదేశపు కొండకోట కంతటికి ఆంగ్లమున నొక జాతిపేరుగ స్థిరపడినది. చెవికి అందినంతవఱకు వ్రాసికొన్న యాత్రికులను దానికి నిందింపనక్కఱలేదు. కాని డ్రూగ్ అన్నప్పుడు కోట మాత్రమే మిగిలినది. భోగనందీశ్వరుడు, యోగనందీశ్వరుడు, పినాకిని, ఆ కొండలో ఆవులు మేపువారు, కట్టెలు కొట్టువారు, ఆ పేరులో ఎవరికిని చోటు లేదు.

దీనికి మినహాయింపుగ నిలిచిన ప్రయత్న మొకటి కలదు. అందు తెలుగువారి పాత్ర ముఖ్యమైనది. 1799 మేనెల 4వ తేదిన శ్రీరంగపట్టణము పడినపిదప, మైసూరు దేశమును కొలిచి పటములు వ్రాయు పనికి కాలిన్ మెకంజీ నియమింపబడెను. ఆ సర్వే దాదాపు పదేండ్లు సాగెను. మెకంజీ కొండల నెత్తును దూరమును కొలిచి ఊరకుండలేదు. ఊరూర కైఫీయతులను, శాసనములను, వంశావళులను సేకరింపజేసెను. అందుకు అతనికి కుడిభుజమైనవాడు ఏలూరు ప్రాంతపు నియోగి కావలి వెంకట బొఱ్ఱయ్య. తెలుగు, సంస్కృతము, కన్నడము మొదలైన భాషలలో వ్యవహరింపగల ఆ యువకుడు 1803లో స్వల్పవయస్సుననే మరణించెను. మెకంజీ తన భారతదేశ విజ్ఞానమునకు తొలిద్వారము తెఱచినవాడు బొఱ్ఱయ్యయే యని కృతజ్ఞతతో వ్రాసికొనెను. తరువాత అతని తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని వహించెను.

బొఱ్ఱయ్య, లక్ష్మయ్యలు చేసిన పని యేమి? ఈ కొండ యెవరిది, ఈ కోట యెవరు కట్టిరి, ఈ చెరువు యెప్పటిది అని అడిగి వ్రాసికొనుట. చిత్రకారుడు కన్నులతో చేసినదానిని వీరు చెవులతో చేసిరి. రాజాస్థానముల చరిత్రలే చరిత్రయను దినములలో గ్రామకరణముల నోటిమాటను ఆధారముగ గ్రహించుట సామాన్యమైన విషయము కాదు.

1816లో థామస్ హికీ యను చిత్రకారుడు మదరాసునందు మెకంజీ రూపచిత్రమును వ్రాసెను. అందు ఎఱ్ఱని ఉడుపుతో మెకంజీ నిలిచియుండును. చుట్టు ముగ్గురు భారతీయులు కనబడుదురు. ఒకడు దూరదర్శినిని పట్టుకొని యున్నాడు. ఒకడు తాళపత్రములను పట్టుకొని యున్నాడు. వెనుక దూరమున కొండమీద జైనుల గోమటేశ్వర విగ్రహము కానవచ్చును. ఆ సహాయకులలో నొకడు కావలి లక్ష్మయ్య యని పరిశోధకులు చెప్పుచున్నారు. కొండను, కొండను చూచు యంత్రమును, కొండను చదువు గ్రంథమును, వీనిని నిర్వహించు మనుష్యులను ఒక్కచోట చూపిన చిత్రమిది. తక్కిన దుర్గచిత్రములలో లోపించినది ఇందు కానవచ్చుచున్నది.

కాగితముపై వెలుగు

1839లో ఫ్రాన్సు, ఇంగ్లండు దేశములందు ఛాయాగ్రహణ విద్య లోకమునకు వెల్లడింపబడెను. మఱుసటి సంవత్సరమునకే అది భారతదేశమును చేరెను. దక్షిణదేశపు తొలి ఛాయాగ్రాహకులలో అగ్రగణ్యుడు లిన్నేయస్ ట్రైప్. అతడు మదరాసు పదాతిదళమున ఉద్యోగి, బెంగుళూరునందుండెను. 1854 చివర బేలూరు, హళేబీడు ఆలయములను చిత్రించి, మఱుసటియేట మదరాసు ప్రదర్శనమున ఉంచెను. 1855లో బర్మా రాజధానికి పోయిన రాయబారముతో పయనించి రెండువందలకు పైగా చిత్రములు తీసెను. 1856లో మదరాసు ప్రభుత్వమువారు అతనిని రాజధాని ఛాయాగ్రాహకునిగ నియమించిరి. 1857 చివర అతడు బయలుదేఱి మొదట చిత్రించినది రాయకోట ప్రాంతమును. డేనియలువారు గీసిన కొండనే అఱువదియైదేండ్లకు ట్రైపు వెలుగుతో గీయించెను.

ఆ పని యెంత కష్టమో నేటివారు ఊహింపజాలరు. ట్రైపు అనుసరించినది మైనపుకాగితపు పద్ధతి. దీనిని 1851లో ఫ్రెంచి దేశీయుడైన గుస్తావ్ ల గ్రే ప్రకటించెను. కాగితమునకు మైనమెక్కించి, వెండిలవణములు పట్టించి, పెద్ద కెమెరాలోనుంచి, నిమిషములకొలది కాలము కదలక వెలుగు చూపవలయును. ముందుగ సిద్ధపఱచిన కాగితము కొన్నిదినములు నిలువయుండును గనుక ఉష్ణదేశయాత్రకు ఇది అనుకూలమైనది. సామగ్రి అంతయు ఎడ్లబండ్లపై సాగవలయును. మంచి నీరు దొరకవలయును, గాలి వీవకుండవలయును.

ఈ పద్ధతిలో నొక చిత్రమైన లోపము కలదు. నీలపు వెలుగునకు ఆ కాగితము మిక్కిలి త్వరగ స్పందించును. కొండ సరిగ పడునంతసేపు తెఱచియుంచిన ఆకాశము తెల్లగ మాడిపోవును. మేఘములు మాయమగును. అందుచేత ట్రైపు తన మూలప్రతులపై కుంచెతో మేఘములను తీర్చిదిద్దుట కలదు. యంత్రము అబద్ధమాడదను నమ్మకము ప్రబలుచున్న కాలముననే ఛాయాచిత్రపు ఆకాశము చేతివ్రాత అయియుండెను. కొండ నిజము, దానిపై మబ్బు మనుష్యుని ఇష్టము. ఏ పర్వతచిత్రమునైనను చూచునపుడు ఈ విషయము జ్ఞప్తియందుంచుకొనదగినది.

ఈ ఉద్యోగము చిరకాలము నిలువలేదు. 1859లో మదరాసు గవర్నరుగ వచ్చిన ట్రెవీలియన్ దీనిని వ్యర్థవ్యయముగ నెంచి మాన్పించెను. ఇంచుమించు ఆకాలముననే ఉత్తరదేశమున శామ్యూల్ బోర్న్ అనునతడు 1863 మొదలు 1866 వఱకు మూడు పర్యాయములు హిమాలయములకు పోయి, గాజుపలకలపై చిత్రములు తీసెను. 1866లో 18,600 అడుగుల యెత్తున మణిరంగ్ కనుమ దగ్గఱ అతడు తీసిన చిత్రములు లోకప్రసిద్ధి పొందినవి. గాజుపలకలను, రసాయనములను, గుడారమును మోసినవారు పదులకొలది కూలీలు. బోర్ను పేరు నిలిచినది. వారి పేరులు నిలువలేదు. పర్వతచిత్రముల చరిత్రలో పేరుపోవుట కొండలకు మాత్రమే సంభవించిన ఆపద కాదు.

చిత్రము చెప్పునది, చెప్పనిది

పై చరిత్రవలన రెండు విషయములు స్పష్టమగుచున్నవి. మొదటిది, ప్రతి పర్వతచిత్రమును ఒక నిలుకడనుండి పుట్టును. ముట్టడి చేయువాడు క్రిందనుండి పైకి చూచును; అతనికి కొండ అడ్డంకి. కొండపై విశ్రాంతికి పోయినవాడు పైనుండి క్రిందికి చూచును. అతనికి పల్లెలు చిత్రమునందలి చుక్కలు. మైసూరు కమీషనరుగ 1834 మొదలు 1861 వఱకు పాలించిన మార్కు కబ్బను నందిపై వేసవిబస ఏర్పఱచుకొన్నపిదప దుర్గము చల్లనిచోటుగ మాఱెను. 1927వ సంవత్సరపు వేసవిలో గాంధీమహాత్ముడు ఆరోగ్యమునకై ఇచటనే విశ్రమించెను. కోట మాఱలేదు, కొండ మాఱలేదు. చూచువాని నిలుకడ మాఱెను. నడుమ నొకచోటు కలదు. అది పొలములో నిలిచినవాని చోటు. అతడు కొండను చూచునది వానమబ్బుకొఱకు, దారి గుర్తుకొఱకు, మ్రొక్కుకొఱకు. ఆ నిలుకడనుండి గీసిన చిత్రము, తీసిన చిత్రము పూర్వకాలమున మనకు లేదు. అది యున్నది మాటలలో, పేరులలో, పాటలలో.

రెండవది, చిత్రమునందు పేరు స్వయముగ ఉండదు. పేరు ఒకరు చెప్పవలయును, మఱియొకరు వ్రాయవలయును. ఇరువురిలో ఏ ఒక్కరు లేకున్నను చిత్రము మూగదగును. అడుగువాడున్నను చెప్పువాడు లేని దినములు ఇప్పుడు మన సీమకు సమీపించుచున్నవి. తాత ఆవులబెట్ట యన్నపుడు ఆవు వినబడెను. తెలుగు చదువుట రాని మనుమనికి ఆ మాట ఒట్టి ధ్వని. ఇంట తెలుగును బడిలో కన్నడమును ఆంగ్లమును గల ఈ తాలూకాలలో, తెలుగుబడి చిన్నదైనకొలది కొండలపేరుల అర్థములును చిన్నవగుచున్నవి. కన్నడము నేర్చుటవలన ఈ నష్టము కలుగుట లేదు. రెండు భాషలును తెలిసినవానికే ఆవులబెట్ట యను పేరు పూర్తిగ తెలియును. నష్టము కలుగునది రెండింటిలో ఒకటి పోవుటవలన.

కొండలు నిలుచునా?

కొండలు శాశ్వతములను నమ్మకము పూర్వులకుండెను. మన సీమలోని గ్రానైటురాయి సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటిదని భూశాస్త్రజ్ఞులు చెప్పుదురు. అట్టి రాయి ఒక మనుష్యుని జీవితకాలములో కంకరయై బండ్లకెక్కుట నేడు చూచుచున్నాము. బెంగుళూరు పెరిగినకొలది రాతిగనులు పెరిగినవి. 2021 ఫిబ్రవరి నెలలో చిక్కబళ్ళాపురము జిల్లా హిరేనాగవల్లి దగ్గఱ రాతిగనులకు వాడు జిలెటిన్ కడ్డీలు పేలి ఆర్గురు మరణించిరి. ఆ వార్త కొన్నిదినములు పత్రికలలో నిలిచి మఱుగుపడెను. పేలుడులో పోయిన ప్రాణములు లెక్కకు వచ్చినవి. పగిలిపోయిన గుట్టల పేరులు ఏ లెక్కలోను లేవు.

ఇట్టిచోట ప్రాతచిత్రములకు క్రొత్త ప్రయోజనము కలుగుచున్నది. కెనడా దేశమున 1915లో బ్రిడ్జిలాండ్ అను సర్వేయరు జాస్పర్ ప్రాంతపు పర్వతములను పటములు వ్రాయుటకై వందలకొలది ఛాయాచిత్రములు తీసెను. ఏ శిఖరముపై నిలిచి ఏ దిక్కునకు తీసినదియు గుర్తుంచెను. 1990ల చివర పరిశోధకులు ఆ చోట్లనే మరల నిలిచి, ఆ దిక్కునకే మరల చిత్రములు తీసిరి. రెండింటిని ప్రక్కప్రక్కను ఉంచి చూడగా పచ్చికబయళ్ళు తగ్గి సూదియాకుల అడవి దట్టముగ అలముకొన్న సంగతి తేటపడెను. ఆ సర్వేయరు చిత్రములకు అందముకంటె నిలుకడ వ్రాతయే విలువ తెచ్చినది. రాకీ పర్వతములకు పోయి చిత్రములు తీసికొని వచ్చు తెలుగువారు ఆ దేశమునుండి తెచ్చుకొనదగిన విద్య యిది.

నందికొండకు తెల్లవారకమునుపే నేడు వందలాది వాహనములు చేరుచున్నవి. మంచుమబ్బు క్రిందుగ పరచుకొనియుండగా దానిపై సూర్యుడుదయించు దృశ్యమునకై యువకులు కెమెరాలు, చేతిఫోనులు పట్టుకొని నిలుచుచున్నారు. ట్రైపు కుంచెతో దిద్దిన మేఘము వారికి యంత్రములోనే దొరకుచున్నది. ఆవులబెట్టపై ముందుకు పొడుచుకొనివచ్చిన బండపై నిలిచి చిత్రము తీయించుకొనుటయు ప్రసిద్ధము. ఒక్క ఉదయమున ఇచట తీయబడు చిత్రములు ట్రైపు జీవితమంతయు తీసినవానికంటె ఎక్కువయై యుండును. వానిలో ఎన్నింటిక్రింద కొండపేరు, దిక్కు, తేది వ్రాసియుండును? చిత్రములు ఇన్ని ఉండియు చరిత్రకు చాలినవి తక్కువ యగుట ఈ కాలపు విచిత్రము.

కర్తవ్యము

దీనికి ధనముతో పని లేదు. సంఘములకును బడులకును సాధ్యమైన పనియే. బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురము తాలూకాలలోని ప్రతి పాఠశాల తన అరుగుమీద నుండి కనబడు కొండలను ఒక్కొక్కదానిని చిత్రము తీయింపవచ్చును. ప్రతి చిత్రముతో అయిదు విషయములు వ్రాయవలయును: కొండకు తెలుగున పేరు, కన్నడమున పేరు, చిత్రము తీసినచోటు, చూచిన దిక్కు, తేది. ఆపైన ఆ పేరునుగూర్చి ఊరి పెద్దలు చెప్పినమాటను వారి నుడికారముననే చేర్చవలయును. పేరులు రెండుగ వినబడినచో రెండును వ్రాయవలయును. ఒకదానిని సరిదిద్ది రెండవదానిని కొట్టివేయరాదు. బొఱ్ఱయ్య, లక్ష్మయ్యలు చేసిన పనికిని ట్రైపు చేసిన పనికిని ఇది సంధి. పదియేండ్ల కొకమాఱు అదేచోట నిలిచి మరల తీసినచో, ఏ గుట్ట నిలిచినదియు ఏ గుట్ట కరగినదియు ఆ తాలూకా బిడ్డలే సాక్ష్యము చెప్పగలరు.

విదేశములందున్న తెలుగువారికిని ఇందు పాలు కలదు. ఆల్ప్సు పర్వతమునైనను, రాకీ శిఖరమునైనను చిత్రించునపుడు, ఆ కొండను అచటి పూర్వనివాసులు ఏమని పిలిచిరో ఒకరినడిగి తెలిసికొనుట మర్యాద. మన నందిని నండీడ్రూగ్ అని వ్రాసికొనిపోయిన యాత్రికునికంటె మనము కొంచెము మెఱుగైన యాత్రికులము కావలయును. లండను, మదరాసు గ్రంథాలయములలో ఈ సీమ చిత్రములు చూడగలిగినవారు వానిక్రింద సరియైన పేరులు చేర్చుటకు సహాయపడవచ్చును.

పెన్నేటి నీరు త్రాగిన ప్రతివాడును నందికొండలకు ఋణపడినవాడే. ఏటికి ఊటపేరు చెప్పుట ఆ ఋణమున మొదటి కంతు. రూపమును ఎవరైనను పట్టగలరు. పేరును నిలుపవలసినవారు ఈ కొండలనీడను పెరిగిన తెలుగువారును కన్నడిగులునే. చెప్పగల వృద్ధులు ఇంకను మన పల్లెలలో నున్నారు. వ్రాయగల పిల్లలు మన బడులలో నున్నారు. వారిరువురు ఒకచోట కూర్చుండు దినములు మిగిలియుండగనే ఆ పని ఆరంభింపవలయును.